రెండు చుక్కల కార్డు

మా తోటికోడలు డ్రైవింగు పరీక్షలో మళ్లీ తప్పిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా లాల్‌దర్వాజా గల్లీలో పాలు పోసే ఆమె. గిన్నెలో పాలు పోస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"అక్కా, ఫలక్‌నుమాల మీ తోటికోడలు మల్ల ఫెయిలైందట. ఆటో అమ్మేస్తదట."

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"మా చెల్లె ఇల్లు వాళ్ల గల్లీలనే గదా. ఆయితారం కొనెటోళ్లు వస్తున్నరట. ఆమె అయితే నోట్ల ముద్ద పెడ్తలేదట."

నాకు పాలగిన్నె లోపలికి తీసుకుపోవాలన్న ధ్యాస కూడా లేకపోయింది.

ఆ ఆటో మా మరిదిది. ఫలక్‌నుమా స్టేషను దగ్గర ఏళ్లుగా నడిపాడు. షుగరు ఆయన కళ్ల మీదికి వచ్చింది. పట్టపగలు కూడా పొగలో ఉన్నట్టు కనిపిస్తోందని చెబితే, ఇక బండి ముట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పేశాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ బండి వల్లే. అప్పుడు మా తోటికోడలు "నేను నడుపుతా" అంది. గల్లీ అంతా నవ్వింది. మరిది మాత్రం నవ్వలేదు. ముందు సీటులో భార్యను కూర్చోబెట్టి, తను వెనక సీటులో కూర్చుని, ఇంజను చప్పుడు వింటూ గేరు ఎప్పుడు మార్చాలో చెప్పి నేర్పాడు. వీధిలో బాగానే నడిపేది. పరీక్షలోనే వచ్చింది చిక్కు. అక్కడ రెండు కర్రలు పాతి ఉంటాయి. వాటి చుట్టూ ఎనిమిది అంకెలా బండి తిప్పాలి. పోయిన ప్రతిసారీ ఏదో ఒక కర్రకు చక్రం తగిలించి తిరిగొచ్చేది.

బండి పోతే మా మరిది ఏమైపోతాడో నాకు తెలుసు. "బండి ఇంటి ముంగట ఉన్నన్ని రోజులు నేను డ్రైవర్నే వదినా" అని ఒకసారి అన్నాడు నాతో.

పోయి నాలుగు మాటలు చెప్పి రావచ్చు కదా అంటారు మీరు. బాధలో ఉన్న మనిషి ఎదురుగా కూర్చుంటే నాకు నోరు పెగలదు. చిన్నప్పటి నుంచీ అంతే. నేను బడికి పోలేదు. అమ్మవారి గుడికి పూలు కట్టి ఇచ్చే మా నాన్న, మాలలు కడుతూ ఇంట్లోనే నాకు అక్షరాలు నేర్పాడు. నోటితో రాని మాట నాకు కాగితం మీద వస్తుంది. ఆ భాగ్యం ఇచ్చినందుకు నాన్నకూ, ఆ తల్లికీ రోజూ దండం పెట్టుకుంటాను. అందుకే ఎవరికి కష్టమొచ్చినా ఒక కార్డు చేసి పంపడం నాకు అలవాటైంది.

నా కార్డులకు కాగితం ఛత్తాబజారు నుంచి వస్తుంది. అక్కడ పెళ్లిపత్రికలు అచ్చువేసే దుకాణాల్లో అంచులు కత్తిరించి పడేస్తారు. బంగారు లతలు, నెమలి కంఠం రంగు మీద వెండి పూలు, ఎర్రమఖ్మల్‌లాంటి కాగితం. మొదటిసారి అడిగినప్పుడు దుకాణం భాయ్ నన్ను విచిత్రంగా చూశాడు. "లే జావ్ అమ్మా, కచ్రా హైచ్ యే తో" అన్నాడు, ఎలాగూ చెత్తే కదా తీసుకుపొమ్మని. ఇప్పుడు నాకోసం మంచివి ఏరి సంచిలో కట్టి ఉంచుతాడు. దట్టమైన కాగితాన్ని మధ్యకు మడిచి, ఈ పూల ముక్కలను మైదా జిగురుతో అంచుల వెంట అతికించి, ముడత పడకుండా రోటి రాయి కింద పెడతాను. లోపల ఒకే ఒక మాట రాస్తాను. "ఓర్చుకో" అని మాత్రం ఎన్నడూ రాయను. ఆ మాట వాళ్లు అందరి దగ్గరా వినే ఉంటారు. చివరికి నాలుగు మూలలకూ పసుపు పెడతాను. పసుపు లేని కాగితాన్ని మంచి మాట మోసుకుపొమ్మని బయటికి పంపడానికి నాకు మనసొప్పదు.

ఆ రోజంతా ఆ ఎనిమిది అంకె నా బుర్రలో తిరుగుతూనే ఉంది. కార్డు మీద రెండు బంగారు చుక్కలు అతికించాను. వాటి చుట్టూ తెల్లరంగుతో, చెయ్యి ఎత్తకుండా, ఒక మెలికల ముగ్గు తిప్పాను. గీత ఒక చుక్కను చుట్టి, నడుమ దాటి, రెండో చుక్కను చుట్టి, మొదలైన చోటికే వచ్చి కలిసింది. లోపల ఇలా రాశాను: "వాకిలంతా మెలికలు తిప్పే చెయ్యి ఇంత చిన్న ముగ్గుకు భయపడుతుందా?"

మా ఆయన వెనక నుంచి తొంగి చూశాడు. "కాగితానికి గమ్ము పెట్టినట్టు లైసెన్సు గూడ అతికిస్తవా ఏంది?"

"అతికిస్తా. నువ్వు జెర రాయి లేపు" అన్నాను.

మర్నాడు పాలామె చేతికిచ్చి పంపాను. ఆమె చెల్లెలు ఆ ఇంట్లో ఇచ్చిందని కూడా తెలిసింది. కానీ అటునుంచి ఒక్క మాట లేదు. ఫోను చేస్తే తోటికోడలు ఎత్తలేదు. శనివారం దాకా చూసి, ఇక ఉండలేక నేనే బయలుదేరాను.

గుమ్మంలోనే మా అత్తమ్మ ఎదురొచ్చింది. ఆమె చిన్నకొడుకు దగ్గరే ఉంటుంది.

"రా పెద్దకోడలా, రా. పెండ్లి ఎవరిది?"

"ఏ పెండ్లి అత్తమ్మా?"

"అగో, పత్రిక నువ్వే పంపినవట గదా! పసుపు పెట్టి, బంగారు పూలు పెట్టి మస్తుగున్నది. అమాస రోజులల్ల విప్పద్దని దేవుని కాడ పెట్టిన. రేపు దీపం పెట్టి విప్పుదమనుకున్న. పెట్టనీకె చీర గూడ తీసి పెట్టిన."

నా కార్డు దేవుడి అరలో, కుంకుమ భరిణె కింద, మడత విప్పకుండా అలాగే ఉంది! ఛత్తాబజారు కాగితం, పైన నా పసుపు. పెళ్లిపత్రిక కాక మరేమనుకుంటారు? అత్తమ్మకు చదువు రాదు. మరిదికి కళ్లు ఆనవు. తోటికోడలు ఏం చేసిందంటే, దాన్ని చూసినప్పుడల్లా మొహం తిప్పుకుందట.

"పెండ్లిల నలుగుట్ల నిలబడే మొఖం నాకేది అక్కా? అందుకే నీ ఫోన్ గూడ ఎత్తలే" అంది, గోడకు ఆనుకుని కూర్చునే.

"పెండ్లి పత్రిక కాదే పిచ్చిదానా, నీకు రాసిన. అత్తమ్మా, ఇది అమాస నాడు గూడ విప్పొచ్చు."

అత్తమ్మ అనుమానంగా చూస్తూనే తీసి ఇచ్చింది. తోటికోడలు విప్పి చదివింది. మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి, పైన ముగ్గు మీద వేలితో గీత వెంబడి తిప్పింది. మళ్లీ తిప్పింది.

"అక్కా, నేను ఆడ కర్రల దిక్కే చూస్తున్న. యాడ తగుల్తదో అని అవే చూస్తున్న. ముగ్గేసేటప్పుడు చుక్కను చూస్తమా? చెయ్యి పోయే తావు చూస్తం గదా!"

ఆ మాట నేను రాయలేదు. నాకు తట్టనే లేదు. అది ఆమెకు ఆమే కనిపెట్టుకున్న మాట.

వెనక మంచం మీద మరిది లేచి కూర్చున్నాడు. "కర్రకు తగలనియ్యకు, కర్రకు తగలనియ్యకు అని మొత్తుకున్నది నేనే. కర్ర పేరే తియ్యకుంటే మంచిగుండు. నడు, బండి తియ్యి."

ఆమె ముగ్గుడబ్బా చంకన పెట్టుకుంది. స్టేషను వెనక ఖాళీ జాగాలో రెండు ఇటుకలు పెట్టి, వాటి చుట్టూ వంగి వంగి అంత పెద్ద మెలిక వేసింది. పక్క వర్క్‌షాపులో మెకానిక్కు పానా పట్టుకునే బయటికొచ్చాడు.

"క్యా భాభీ, ఆటో కూ భీ రంగోలీ?"

"హావ్ భాయ్. జెర పక్కకు జరుగు, నీ కాలు గూడ ముగ్గుల వస్తది" అంది మా తోటికోడలు. అన్ని రోజుల తర్వాత ఆమె గొంతులో ఆ పెంకితనం విని నాకు కడుపు నిండిపోయింది.

మొదటి చుట్టులో చక్రం ముగ్గు దాటి బయటికి పోయింది. రెండోసారి గీత మీదే పోయి నడుమ తడబడింది. మరిది వెనక సీటులో కళ్లు మూసుకుని వింటున్నాడు. "చుక్కలు మర్చిపో. ముగ్గు చూడు, ముగ్గే చూడు." ఆ తర్వాత బండి నీళ్లలా తిరిగింది. ఒక ఇటుకను చుట్టి, నడుమ దాటి, రెండోదాన్ని చుట్టి, మొదలైన చోటికి వచ్చి నిలబడింది. ఇటుకలు కదల్లేదు.

"బండి గొంతు మారింది వదినా" అన్నాడు మరిది. "ఇంజను ఏడుస్తలేదు."

ఆదివారం కొనేవాళ్లు రానే వచ్చారు. గుమ్మానికి అడ్డంగా నిలబడింది మా అత్తమ్మ.

"బండి అమ్మం నాయినా. మా ఇంట్ల శుభకార్యమున్నది."

"ఏం శుభకార్యం? మొన్న ఫోన్ల చెప్పలేదేంది?"

"పత్రిక నిన్ననే విప్పినం. గిగో, చూస్కో!" అని నా కార్డు వాళ్ల మొహాల ముందు పెట్టింది. పసుపు చూసి వాళ్లు చెప్పులు వేసుకున్నారట. ఆమె ఈ కథ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. చెప్పినప్పుడల్లా కొనేవాళ్లు ఇంకొంచెం పెద్దవాళ్లవుతారు.

మళ్లీ పరీక్ష జరిగిన రోజు నేను గ్రౌండుకు పోలేదు. మహంకాళి అమ్మవారి గుడిలో ఒక మూల కూర్చున్నాను. ఏమీ కోరలేదు, ఇంతదాకా ఇచ్చినవాటికి దండం పెట్టుకుంటూ ఉన్నాను. ఫోను మోగింది. ముందు హారను వినిపించింది, ఆ తర్వాతే మా మరిది గొంతు.

"వదినా! పాసైంది! ఇటు కర్ర గానీ అటు కర్ర గానీ గాలికి గూడ కదల్లే. ఇగనుంచి డ్రైవర్ సాబ్ అనాలె నా పెండ్లాన్ని, తెల్సిందా?"

గుడిలో అందరూ నా వైపు చూశారు. నేను ఏడుస్తూ నవ్వుతున్నాను మరి.

లైసెన్సు చేతికొచ్చిన రోజు ఆమె బండికి బంతిపూలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, మా గల్లీలోకి హారను కొట్టుకుంటూ వచ్చింది. పాలామె క్యాను పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది. మా ఆయన పిలవకముందే ఎక్కి కూర్చున్నాడు, నేను ఆయన పక్కన. నయాపూల్ వంతెన దాకా తీసుకుపోయింది. వంతెన మీద ఒక బస్సువాడు వెనక నుంచి కసురుకున్నట్టు హారను కొట్టాడు. మా తోటికోడలు అంతకన్నా పొడుగ్గా కొట్టింది. పక్క ఆటోలోని పెద్దాయన "వాహ్ బేటీ" అన్నాడు. నేను ఆ వంతెన మీదుగా ఎన్నోసార్లు పోయాను గానీ, అంత తల ఎత్తుకుని ఎన్నడూ పోలేదు.

ఇప్పుడు ఆ బండి రోజూ స్టేషను దగ్గర నిలబడుతుంది. పరీక్షకు భయపడే ఆడపిల్లలకు నా కార్డులు తీసుకుపోయి ఇచ్చేది మా తోటికోడలే. పసుపు మానలేదు, ఇక మానను కూడా.

ఇది చదివినవాళ్లను ఒక్కటి అడుగుతాను. మా మరిది కళ్లకు ఇంకా వైద్యం నడుస్తోంది. కొన్ని రోజులు కొంచెం కనబడుతుంది, కొన్ని రోజులు అసలే కనబడదు. లోకం మసకబారిపోతున్నా కూడా బండి హ్యాండిలు భార్య చేతికిచ్చి, తను వెనక సీటులో కూర్చుని, "నడుపు, నేనున్న" అన్న మనిషి ఆయన. మీరు దీపం పెట్టుకునేటప్పుడో, దువా చేసుకునేటప్పుడో, ఆయనను ఒక్కసారి తలచుకోండి.