తాళాల అంగడికి తెచ్చిన తాళం

నంద్యాలలో మాది తాళాల హోల్‌సేల్ కొట్టు. తాళాలు, గొళ్ళేలు, గడియలు, బందులు, షట్టర్ల సామాను, ఈమధ్య సీసీ కెమెరాలు కూడా. ఇంత సామాను మధ్య బతికే నేను ఒకసారి నా గోడౌనులో నన్ను నేనే బందీ చేసుకున్నాను. కొత్త రకం తలుపు తాళం వచ్చింది. దాని గట్టితనం చూపిద్దామని లోపలికి పోయి తలుపేసుకుని, "ఇప్పుడు తెరవండి చూద్దాం!" అని అరిచాను. బయటివాళ్ళకు రాలేదు. నాకూ రాలేదు. వడ్రంగి వచ్చి తలుపు కోసేదాకా నేను లోపలినుంచి ఆ తాళాన్ని పొగుడుతూనే ఉన్నానని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాడి తెలివి ఇంతకన్నా ఎక్కువ ఉంటుందని నేనూ ఆశపడలేదు.

ఆ రోజు బయట నిలబడి పొట్ట పట్టుకుని నవ్విన మనిషిది ఆళ్ళగడ్డ. అక్కడ రోడ్డు మీద చిన్న తాళాల అంగడి పెట్టుకుని, నా దగ్గర సరుకు తీసుకునేవాడు. నేను చెమటలు కక్కుతూ బయటపడగానే, "అమ్మేటోన్నే ఇడిసిపెట్టని తాళం దొంగను యాడ ఇడుస్తాది? రెండు పెట్టెలు కట్టప్పా" అన్నాడు.

అప్పటినుంచి ఆయన నాకు అన్న, ఆయన భార్య వదిన. వారానికొకసారి సరుకు వ్యాన్లో ఆళ్ళగడ్డకు పోయేవాణ్ణి. విగ్రహాలు చెక్కే షెడ్ల రాతిదుమ్ము దాటితే వాళ్ళ అంగడి. ముందర అంగడి, వెనక ఇల్లు. మధ్య గోడలో దారి ఉంది గానీ తలుపు లేదు, పాత చీరతో కుట్టిన పరదా ఒకటి. ఊరందరి తలుపులకూ సామాను అమ్ముతావు, ఇక్కడొక తలుపు పెట్టుకోలేవా అని నేను ఎకసెక్కమాడితే, "మీ వదిన కేకేస్తే ఇనపడాల గదప్పా" అనేవాడు. మధ్యాహ్నం ఆయన కునుకు తీసేటప్పుడు కౌంటర్లో ఆమే కూర్చునేది. బేరంలో ఆయనకన్నా గట్టి. నా సరుకును నా ముందరే, "ఇదేంది, పెళ్ళిలో ఇచ్చే స్టీలు గిన్నె మాదిరి ఇంత పల్చగుండాది?" అని వెనక్కి తిప్పి పంపేది.

పోయిన ఏడు వానాకాలంలో ఆయన చనిపోయాడు. పొద్దున్నే గుండెల్లో మంటగా ఉందని ఇంట్లో పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. మట్టి చేసిన రోజు పోయి వచ్చాను. పెద్దదినానికి ముందు రోజు ఆయన సొంత పెద్దన్న ఫోన్ చేశాడు. పల్లెలో సేద్యం చేసుకునే మనిషి, మాట తక్కువ.

"రేపొచ్చేటప్పుడు పెద్ద తాళాలు రెండు తీసుకురాప్పా. షట్టరుకొకటి, వెనక తలుపుకొకటి."

"తాళాల అంగట్లో తాళాలు లేవా పెద్దన్నా?" నా నోరు నాకంటే ముందు ఉరుకుతుంది.

"ఆ ఇంటి వస్తువు ఆ ఇంటికే కావలి కాస్తాదా? బయట్నుంచి రావాల."

అప్పుడర్థమైంది నాకు. మనిషి చెడ్డ నక్షత్రంలో పోతే మావైపు ఆ ఇంటిని మూసేస్తారు. నక్షత్రాన్ని బట్టి మూడు నెలలో, ఆరు నెలలో. దీపం పెట్టేవాళ్ళు కూడా ఉండకుండా అందరూ వేరేచోటికి పోవాలి. ఆ పని మీద తాళం కొనడానికొచ్చే వాళ్ళను నేను చూడగానే పసిగడతాను. మెట్టెక్కరు, కింద నిలబడే అడుగుతారు. బేరం చెయ్యరు. ఏ కంపెనీ అనరు. పెద్దది ఇయ్యమంటారు, అంతే. అట్లా వచ్చినవాళ్ళతో నేను కూడా జోకులెయ్యను. ఈసారి తాళం తీసుకుని నేనే పోవాల్సి వచ్చింది.

పెద్దదినం భోజనాలయ్యాక అంగట్లోనే చాప పరిచి పంతులు ముందర అందరూ కూర్చున్నారు. నక్షత్రం లెక్క చూసి, ఇల్లు ఆరు నెలలు మూయాలని ఆయన తేల్చాడు. వదిన పరదా పక్కన గోడకు ఆనుకుని ఉంది. ఆమెకు పిల్లల్లేరు. ఉన్నదల్లా ఆ అంగడి. ఆరు నెలలు మూసిన అంగడి మొగం ఎవరూ చూడరు, అప్పటికే బైపాస్ దగ్గర ఇంకొకటి తెరిచారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు.

"స్వామీ, ఇల్లు మూసుకుంటాం. అంగడి మాత్రం నేను తెరుచుకుంటా" అంది ఆమె.

పంతులు చెడ్డవాడు కాదు. అటూ ఇటూ చూశాడు. "ఇంటికీ అంగడికీ మధ్య గడప ఉందా అమ్మా? తలుపుందా?"

"లేదు స్వామీ."

"అట్లయితే రెండూ ఒకటే గదమ్మా."

నేను లేచాను. "స్వామీ, పొద్దు గూకేలోపల గడప, దర్వాజ, తలుపు, అన్నీ నేను పెట్టిస్తా. అనుమానముంటే నక్షత్రం వచ్చేది పోయేది కనపడేటట్టు కెమెరా గూడా పెడతా."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. పెద్దన్న నవ్వలేదు.

"మనిషి పోయినాంక తలుపు పెడితే, నక్షత్రం ఎర్రిదా అప్పా?" అన్నాడు. నేలను చూస్తూ, "మా నాయన పోయినప్పుడూ ఇట్లనే నవ్వులాటకు పోతిమి. ఇల్లు మూయల్యా. ఏడు తిరక్కముందే మా యమ్మ పాయె. ఆ యెనకనే నా కూతురు. ఇంక నవ్వేవాళ్ళు నవ్వండి" అన్నాడు.

ఎవరు నవ్వుతారు? నా దగ్గర ఎప్పుడూ నిలవుండే సరుకు మాటలు. ఆ సరుకు మూటగట్టుకుని మళ్ళీ చాప మీద కూర్చున్నాను.

"ఆరు నెల్లు నేను యాడుండాల?" అని అడిగింది వదిన.

"మా ఇంట్లో. మేము ల్యామా?"

"అంగడి?"

"అదేమన్నా నడిసిపోతాదా? నేను చూసుకుంటా."

ఆమె పరదా అంచును వేళ్ళతో నలుపుతూ ఉండిపోయింది.

బట్టల మూటలు, బియ్యం డబ్బా ట్రాక్టరుకెక్కాయి. సరుకంతా ఎక్కడిదక్కడే ఉంది. షట్టరు నేనే దించాను. ఎంతోమంది షట్టర్లు దించాను గానీ, ఆ చప్పుడు మాత్రం నా వీపు మీద పడినట్టయింది. తాళం వేస్తూ, రింగులోనుంచి ఒక తాళంచెవి తప్పించాను. పెద్దన్న చెయ్యి చాపితే మిగిలినవి ఇచ్చాను. చూడకుండానే జేబులో వేసుకున్నాడు. వదిన ట్రాక్టరెక్కేటప్పుడు సంచి అందిస్తున్నట్టు అందిస్తూ, ఆ చెవిని ఆమె గుప్పెట్లో పెట్టాను. ఆమె వేళ్ళు మూసుకున్నాయి. నా మొగం వైపు చూడలేదు.

నంద్యాలకు తిరిగొచ్చే దారంతా నా తెలివికి నేనే మురిసిపోయాను. వీలున్న పూట వచ్చి తెరుస్తుంది, సరుకు తీసి అమ్ముకుంటుంది, గిరాకీ చెయ్యి జారదు, పెద్దన్న కూడా నాలుగు రోజులు గొణిగి ఊరుకుంటాడు. కథంతా అల్లుకున్నాను.

వారం వారం ఆ అంగడి ముందునుంచే పోయాను. తాళం అట్లాగే వేలాడుతుండేది. మొదట దాని మీద వాననీళ్ళు, తరవాత రాతిదుమ్ము, తరవాత సాలెగూడు. ఊళ్ళోవాళ్ళు బైపాస్ అంగడికి అలవాటు పడ్డారు. వాళ్ళకూ సరుకు నేనే వేశాను. వెయ్యకపోతే ఇంకొకడు వేస్తాడు. రెండుసార్లు వదినకు ఫోన్ చేస్తే పెద్దన్నే ఎత్తాడు. "బాగుండాదప్పా. ఏమన్నా చెప్పాల్నా?" అన్నాడు. ఏం చెప్పమంటాను? ఏమీ లేదన్నాను.

ఆరు నెలలయ్యాక శాంతి చేయించి, ఆవును నడిపించి, ఇల్లు తెరిచారు. అట్టపెట్టెలను చెద తినేసింది. గొళ్ళేలు తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుని కూర్చున్నాయి. మరుసటి వారం నేను పోయేసరికి కౌంటర్లో పెద్దన్న కొడుకు ఉన్నాడు. ఆడమనిషి ఒక్కతే అంగట్లో ఎట్లా కూచుంటాదని ఇంట్లో అందరూ అనుకున్నారట. ఆమెను ఎవరైనా అడిగారా అని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. పిల్లోడు మర్యాదస్తుడు. అదే వచ్చిన చిక్కు, తిట్టడానికి కూడా దొరకడు. "చిన్నాయనకు ఎట్లిస్తాంటివో నాకూ అట్లనే ఇయ్యన్నా" అన్నాడు. ఇచ్చాను.

వదిన వెనక ఇంట్లోనే ఉంది. అతనికి వండిపెట్టడానికి పంపారు. సరుకు దించి వెనక్కి పోయాను. పెరటి జాలాట్లో కూర్చుని గిన్నెలు తోముతోంది. చిక్కిపోయింది. ఆమె మొగం చూసేసరికి ఏదో ఒకటి మాట్లాడకపోతే ఏడుస్తానేమోనని భయమేసి, నాకు చేతనైన పనే చేశాను.

"ఏం వదినా, నేనంత తెలివి చేసి చెవి నీ చేతిలో పెడితే, పోపుల డబ్బాలో ఏసి తాలింపు పెట్టినావా ఏంది? ఒక్కసారన్నా తెరుస్తావనుకుంటి."

ఆమె గిన్నెను కడిగి బోర్లించింది. ఇంకో గిన్నె తీసుకుంది. అప్పుడంది:

"చెవి నా కొంగుకే ఉండె లేప్పా. ఆళ్ళగడ్డ బస్సు దినామూ వాళ్ళింటి ముందరనే ఆగుతాండె. వంటింట్లోంచి ఆ బస్సు దాకా నన్ను ఎవరు పోనిస్తాండ్రి? నీకు తాళాలే తెల్సు."