డ్రమ్మర్ గారి గురించి వాదన

తొంభైల్లో ఒకసారి కరీంనగర్ నుంచి విశాఖపట్నం ఇంటర్వ్యూకి వెళ్తూ, రాజమండ్రిలో ప్యాసింజర్ రైలెక్కాను. వాక్‌మన్‌లో పాత ఇంగ్లీషు రాక్ బ్యాండ్ పాటలు వింటున్నాను. ఆ బ్యాండ్‌లో ముగ్గురే ఉండేవారు. గిటార్, బేస్, డ్రమ్స్.

ఎదురు సీట్లో తెల్లపంచె కట్టుకున్న పెద్దాయన, "ఒక్కసారి ఇస్తారాండీ?" అని చేయి చాపారు. కళ్లు మూసుకుని విని, "ఇందులో డ్రమ్మర్ గారే గొప్పండి," అన్నారు.

డ్రమ్మర్‌ని 'గారు' అనడం నేనెక్కడా వినలేదు. నవ్వాపుకుని, "బ్యాండ్‌కి ప్రాణం గిటారిస్టే కదండీ!" అన్నాను.

"ఆయన అమెరికా నల్లవారి పాత పాటలు విని నేర్చుకున్నారు, కాదనను. కానీ డ్రమ్మర్ గారు జాజ్ వాయించి వచ్చారండి. ఆ చెయ్యి చూడండి, ఒక్కచోట నిలవదు."

పెద్దాయన మద్రాసు హాస్టల్లో ఉండగా ఈ రికార్డులు అరిగిపోయేదాకా విన్నారట. చదువయ్యాక పిఠాపురంలో వాళ్ల నాన్నగారి బియ్యం కొట్లో కూర్చున్నారు. ఒకే పాటని నాలుగుసార్లు వెనక్కి తిప్పి మరీ వాదించుకున్నాం. నేనూ ఒప్పుకోలేదు, ఆయనా తగ్గలేదు.

గొల్లప్రోలులో రైలాగితే ఆయన ఉలిక్కిపడ్డారు. "అయ్యో, మా ఊరు దాటిపోయిందండీ!"

నావల్లే కదా అని నొచ్చుకున్నాను.

"పోనీలెండి, బస్సులో వెళ్లిపోతాను. ఈ మాటలు మాట్లాడి పాతికేళ్లయిందండి. కొట్లో ఎవరితో అంటాను?"

దిగి కిటికీ దగ్గరికొచ్చి, గిటారిస్టు గారు ఎక్కడెక్కడ తాళం తప్పారో చెప్పడం మొదలుపెట్టారు. రైలు కదిలింది. ఆయన పక్కనే నడుస్తూ చెబుతున్నారు. నేను కిటికీలోంచి కాదు కాదని అరుస్తూనే ఉన్నాను.