నలభై దాకా ఆగే రంగు

బావగారు మార్కరు కొనరు. ఉద్యోగానికి పిలిచినట్టు పిలిచి, పరీక్ష పెట్టి, పనికిరావు పొమ్మంటారు. వీధి మలుపులో స్టేషనరీ కొట్టు నడిపే మరదలికి ఈ సంగతి ముప్పై మార్కర్ల మూతలు ఊడాక తెలిసింది.

పరీక్ష ఇలా ఉండేది. పిల్లలు తుడుచుకునే రబ్బరు మీద బ్లేడుతో తనే చెక్కిన ముద్ర ఒకటి ఆయన జేబులో ఉంటుంది. మార్కరుతో దాని మొహం నిండా రంగు పూస్తారు. పూసినవాడు అద్దాలా వద్దా? అద్దరు. గాల్లో పట్టుకుని నిలబడి, ఒకటి నుంచి నలభై దాకా తాపీగా లెక్కపెట్టి అప్పుడు అద్దుతారు. వెనకాల గ్రాఫు పుస్తకాల కోసం వచ్చినవాళ్ళు గోడ గడియారం చూస్తూ గొణుగుతారు. చదువుకున్నవాళ్ళకి గడియారం ఉంటుంది గానీ ఓపిక ఎక్కడిది.

"ఏనుగు," అని చూపించారు మొదటిరోజు.

"తోకున్న బంగాళాదుంపలా ఉంది," అంది మరదలు.

"తొండం కనబడలేదా?"

"నేనన్న తోక అదే."

పర్మనెంట్ మార్కరు అయిదు అంకెలకే ఎండిపోయింది. "ముక్కోపి," అన్నారు. హైలైటరు నలభై దాకా ఆగింది గానీ ఏనుగుని కాగితమంతా పారించింది. "దీని నోట్లో మాట దాగదు." నీలం స్కెచ్చు పెన్ను ఇరవైకే సగం ఏనుగుని మింగేసి కూర్చుంది.

"నోటి ఆవిరి ఒక్కసారి ఊదండి బావగారూ, తడొస్తుంది. అందరూ చేసేదే."

"ఊదితే నేను పాసైనట్టు. మార్కరు కాదు."

"పోనీ, పూయగానే అద్దేస్తే మీ సొమ్మేం పోయింది?"

"అద్దేవాళ్ళకి వీలవ్వాలిగా," అన్నారు, ఇంకో మూత ఊడదీస్తూ.

మరదలికి ఒళ్ళు మండింది. అవతల అక్క చెయ్యి ఆరు నెలలుగా వణుకుతోంది. సాయంత్రాలు పిల్లలకి లెక్కలు చెప్పి, సరిగ్గా చేసిన పుస్తకంలో ఏదో బొమ్మ గీసిచ్చే అలవాటు ఆవిడది. ఇప్పుడు గీత నిలవడం లేదు. ఉత్త పుస్తకం వెనక్కివ్వడం నామోషీ అట. ఒకటో తారీకు నుంచి క్లాసే మూసేస్తానంది. ముప్పై ఏళ్ళ క్లాసు. పక్కనుండి ధైర్యం చెప్పాల్సిన మొగుడేమో ఇక్కడ బంగాళాదుంపలు అద్దుతున్నాడు.

ముప్పై ఒకటో మార్కరు నెగ్గింది. ఆకుపచ్చది, కుంచెలాంటి మెత్తని మొన. నలభై అన్నాక కూడా ఏనుగు తొండంతో సహా స్పష్టంగా పడింది. ఆ సంబరంలో బావగారు మార్కరు పట్టుకుని, కళ్ళజోడు కొట్లోనే వదిలేసి నడిచారు. కళ్ళజోడుతో పాటు నాలుగు మాటలు కూడా అప్పజెప్పి వద్దామని మరదలు సాయంత్రం బయల్దేరింది.

గుమ్మంలోనే ఆగిపోయింది. అక్క ముందు పిల్లల పుస్తకాల దొంతర. చేతిలో పచ్చగా తడిసిన రబ్బరు ముక్క. అది పుస్తకం దాకా రావడమే ఒక ప్రయాణం. కుడికి పోతుంది, ఎడమకి వస్తుంది, మోచెయ్యి బల్ల మీద ఆని కాస్త కుదుటపడుతుంది, మళ్ళీ లేస్తుంది. కిటికీ దగ్గర బావగారు పేపరు తలకిందులుగా పట్టుకుని కూర్చున్నారు. పెదాలు కదులుతున్నాయి. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది.

ముప్పై తొమ్మిదికి ఏనుగు పడింది. చెక్కు చెదరలేదు.

అక్క పుస్తకం దూరంగా పెట్టి చూసింది. "నా ఏనుగుకి ఇంత పొట్టా?"

"నువ్వు గీసినవి చూసే చెక్కాను."

"ఇది బంగాళాదుంప."

"నీ చెల్లెలూ అదే అంది."

"మీరు రేపు ఆ పొట్ట తగ్గించండి. ఒకటో తారీకున పిల్లల్ని మామూలుగా రమ్మనండి," అని అక్క ఇంకో పుస్తకం తెరిచింది.

మరదలు తెచ్చిన నాలుగు మాటలూ మింగేసి, కళ్ళజోడు మాత్రం ఇచ్చింది. "పేపరు తిరగేసి చదవండి బావగారూ."

మర్నాడు ఆయన మళ్ళీ హాజరు. "మీ అక్కకి ఎరుపు కూడా కావాలట. తప్పు చేసినవాళ్ళకి ఇంకో జంతువు."

కొట్లో అప్పటికే ఆరుగురు నిలబడి గడియారం చూస్తున్నారు. మరదలు ఎర్ర మార్కర్లన్నీ బల్ల మీద కుమ్మరించింది. ఆ ఆరుగురి వంకా ఒక్క చూపు చూసి, "ఒకటి," అని పైకే మొదలుపెట్టింది. పన్నెండుకల్లా కొట్టంతా గొంతు కలిపింది.