కూర్చుని పాడే భజన

గల్ఫ్‌లో రాస్ అల్ ఖైమా దగ్గరి రాళ్ల క్రషర్ క్యాంపులో పోచన్న ఒక్కడే తెలుగువాడు. జగిత్యాల వైపు ఊళ్లో ఊహ తెలిసినప్పటి నుంచీ చిరుతల భజన ఆడినవాడు. చేతిలో చెక్క చిరుత మోగాలి, కాలు దానికి జవాబు చెప్పాలి, అప్పుడే దేవుడు వింటాడని అతని నమ్మకం. 2003లో ఈ దుబాయ్ వైపు వచ్చాక రెండేళ్లుగా భజన లేదు. రాతి దుమ్ముకీ ఎండకీ ఓర్చుకున్నాడు గానీ ఈ కరువుకి ఓర్చుకోలేకపోయాడు.

టిప్పర్లు నడిపే సర్దార్లు కొందరు ఆ క్యాంపుకి కొత్తగా వచ్చారు. శుక్రవారం పొద్దున్నే వాళ్ల గదిలో హార్మోనియం, ఢోలకీ మొదలయ్యాయి. పోచన్న బయట చెప్పుల దగ్గర నిలబడి చెవి ఒగ్గాడు. భాష తెలియదు, తాళం మాత్రం తెలిసిందే. వింతేమిటంటే, పాట అంత ఊపు మీదున్నా లోపల అడుగు చప్పుడే లేదు.

"కాళ్లు కదలకుంట భజనెట్ల జేస్తరు వీళ్లు?" అనుకున్నాడు. అది తేల్చుకునేదాకా అన్నం సయించేలా లేదు.

మరుసటి వారం వాళ్లే లోపలికి పిలిచి తలకి రుమాలు కట్టారు. ఎత్తుపీట మీద గుడ్డ కప్పిన గ్రంథం, కింద బాసిపట్లు వేసుకున్న డ్రైవర్లు. ఢోలకీ వేగం అందుకునేసరికి పోచన్న లేచాడు. రెండడుగులు ముందుకేసి, ఒకటి వెనక్కేసి, గిర్రున తిరిగాడు. పాట ఆగిపోయింది. వాళ్లలో పెద్దవాడైన జోగిందర్ సింగ్ చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"బైఠో భాయ్. యహా నాచ్‌నా నహీ."

గ్రంథం ముందు కూర్చునే పాడాలట, ఆడకూడదట! పోచన్నకి తలకొట్టేసినట్టయింది. దొరక్క దొరికిన పాటని తన కాళ్లే పోగొట్టాయని ఏడుపొచ్చింది. పై శుక్రవారం అటు పోలేదు. కాలుగాలిన పిల్లిలా క్యాంపు చుట్టూ తిరుగుతుంటే జోగిందర్ సింగే వెతుక్కుంటూ వచ్చాడు, ఎందుకు రాలేదని అడిగాడు.

"గానా సున్‌తే పైర్ నై రుక్‌తా సర్దార్‌జీ. క్యా కర్నా?"

పాట వింటే కాలాగదట! సర్దారు గడ్డంలో నవ్వుకున్నాడు. పాటయ్యాక అందరికీ పెట్టే రొట్టెలు పక్క గదిలో చేస్తారని, అది నిలబడి చేసే పనేనని చెప్పి తీసుకెళ్లాడు.

గోడకి అవతల పాట, ఇవతల పెనం. పోచన్న పిండి ఒత్తుతూ అడుగు కలిపాడు, ఎవరూ ఆపలేదు. ఒక్క రొట్టె కూడా గుండ్రంగా రాలేదు గానీ, రెండేళ్ల తర్వాత ఒళ్లు మళ్లీ తనదనిపించింది.

ఎందుకో వెనక్కి తిరిగితే గుమ్మంలో జోగిందర్ సింగ్! పోచన్న గబుక్కున కాళ్లు దగ్గరికి లాక్కున్నాడు. ఆ పెద్దాయన తలుపు మెల్లగా చేరవేసి, ఆ గిర్రున తిరిగే అడుగు మళ్లీ చూపించమన్నాడు. వారం నుంచీ టిప్పరు చాటున ఒక్కడే వేసి చూస్తున్నాడట, రావడం లేదట.