మూడో ఫిల్మ్ మీద వార్నిష్ పూత

1993. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక కళాశాల భౌతికశాస్త్ర విభాగం వెనక, అంతకుముందు స్టోర్ రూమ్‌గా ఉన్న గది మా ప్రయోగశాల. రేకుల కప్పు, రెండు బల్లలు, కొలతలను కలంతో కాగితం మీద గీసే రికార్డర్ ఒకటి, కిటికీలోంచి దూరంగా సముద్రం. సుగుణ, నేను అందులో ప్రాజెక్ట్ అసిస్టెంట్లం. నేను రోజూ బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీలో వచ్చి చాతంలో దిగి, సా మిల్లు రంపపు పొట్టు వాసన పీలుస్తూ బస్సెక్కేవాణ్ణి. తను జంగ్లీఘాట్ నుంచి నడిచి వచ్చేది. వాళ్ళ నాన్నగారు హార్బర్‌లో క్లర్కు. తను నాకన్నా ఏడాది పెద్ద, ఆదివారాలు తెలుగు చర్చిలో పాడేది. పనిచేసేటప్పుడు కూడా ఆ పాటలే సన్నగా కూనిరాగం తీసేది.

ఈ మధ్య, నేను పాతికేళ్ళకు పైగా పనిచేసిన మెయిన్‌ల్యాండ్ ప్రయోగశాల తన చరిత్రను చిన్న పుస్తకంగా అచ్చువేసుకుంది. అందులో మా అండమాన్ ప్రయోగం గురించి ఒకే వాక్యం ఉంది. స్థానిక సిబ్బంది తేమ విషయంలో అశ్రద్ధ చూపడం వల్ల అది విఫలమైందట. ఆ వాక్యం అబద్ధం. ఎందుకు అబద్ధమో పోయిన నెల దాకా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ముందు పని గురించి చెప్పాలి. కొన్ని పదార్థాలను బాగా చల్లబరిస్తే వాటిలో విద్యుత్ నిరోధం పూర్తిగా మాయమవుతుంది. వాటిని సూపర్ కండక్టర్లు అంటారు. ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన ఒక నల్లటి పదార్థం ద్రవ నైట్రోజన్ చలికే ఆ స్థితికి వస్తుందని అప్పటికి కొన్నేళ్ళ క్రితమే తేలింది. దాన్ని 'హై టెంపరేచర్' రకం అన్నా, ఆ చలి సున్నాకు నూట ఎనభై డిగ్రీల పైచిలుకు కింద. ఆ పదార్థపు బిళ్ళను లేజర్‌తో కొడితే ఆవిరై ఎగిరి, ఎదురుగా ఉన్న వేడి పలక మీద పలుచని పొరగా కూర్చుంటుంది. ఆ పొరే ఫిల్మ్. దాని శత్రువు తేమ. ఓడల మీద వాడే సెన్సార్లు దాంతో చెయ్యాలంటే సముద్రపు గాలికి అది ఎన్నాళ్ళు బతుకుతుందో తెలియాలి. అందుకు మా దీవుల కన్నా తగిన చోటు లేదని ఆ మెయిన్‌ల్యాండ్ ప్రయోగశాల నడిపే ప్రొఫెసర్ గారు మూడు ఫిల్మ్‌లు పంపారు. ఒక్కొక్కటి బొటనవేలి గోరంత.

మొదటి రెండూ అంతకుముందు ఏడాది వానల్లోనే పోయాయి. మూడోదాన్ని కాపాడే ఉపాయం సుగుణకు మోటార్ వైండింగ్ షాపులో తట్టింది.

"బోటు మోటార్లు ఉప్పునీళ్ళల్లో మునిగి తేలుతున్నాయి కదా ప్రసాదూ. లోపల తీగలు ఎందుకు కుళ్ళటం లేదు?"

"వార్నిష్ పూస్తారు."

"మరి మన ఫిల్మ్ ఏం పాపం చేసింది?"

మామూలు వార్నిష్ ద్రవ నైట్రోజన్‌లో ముంచితే పెళ్ళలుగా ఊడిపోయింది. పలచన చేసి, పూతకూ పూతకూ మధ్య ఆరబెట్టి, గాజు పలకల మీద నెలన్నర పరీక్షించి తను ఒక పద్ధతి పట్టింది. అలా పూసిన మూడో ఫిల్మ్ ఆరు నెలలు మా కిటికీ బయట వేలాడింది.

దింపాక కొలత కోసం నాలుగు చోట్ల వార్నిష్ గీకి తీగలు అతికించాం. రెండు తీగల్లో కరెంటు పంపి, మిగతా రెండింటి మధ్య వోల్టేజి చూడాలి. గీకిన చోట్ల ఫిల్మ్ బోసిగా ఉంటుంది కాబట్టి దాన్ని ఇత్తడి దిమ్మకు బిగించి డెసికేటర్‌లో పెట్టాం. అది మూత బిగుతుగా పట్టే గాజు పాత్ర. అడుగున సిలికా జెల్ గింజలుంటాయి. పొడిగా ఉంటే నీలం, తేమ పీలిస్తే గులాబీ. మా తేమకు అవి రెండు మూడు రోజులకే రంగు మారేవి. సుగుణ వాటిని మూకుడులో వేసి, వేరుశనగలు వేయించినట్టు మళ్ళీ నీలం వచ్చేదాకా వేయించేది.

"కాస్త ఉప్పూ కారం తగిలిస్తే టీలోకి బాగుంటాయి, తింటావా?"

"తిని చస్తే మీ నాన్నగారు నన్ను హార్బర్‌లో పడేస్తారు."

"పడెయ్యరు. రసీదు రాయించుకుని మరీ మీ వాళ్ళకు అప్పగిస్తారు."

ఆ గదిలో ఆమె నవ్వు తర్వాత రేకుల మీద వాన చప్పుడు వినిపించేది. ఆ రెండు చప్పుళ్ళ కోసం నేను ఇన్నేళ్ళుగా తపించాను.

ప్రొఫెసర్ గారు ముందే రాశారు, పని చూసి మా ఇద్దరిలో ఒకరిని పరిశోధనకు తీసుకువెళ్తానని. ఉపాయం తనది కాబట్టి ఫిల్మ్ బతికి ఉంటే వెళ్ళేది సుగుణే. తనకు ఆ దీవులు దాటి వెళ్ళడానికి వేరే దారి లేదు. నాకు ఆ సీటు మీద ఆశ లేదు. తను వెళ్ళకుండా ఉంటే చాలుననుకునేవాణ్ణి. ఆ మాట తనతో అనలేదు.

అక్టోబరులో ప్రొఫెసర్ గారు వచ్చే ముందు రోజు, ద్రవ నైట్రోజన్ క్యాన్ వచ్చింది. మాకు దాన్ని ఇచ్చేది పశువుల ఆసుపత్రి వాళ్ళు. ఆవులకు కృత్రిమ గర్భధారణ చేసే వీర్యాన్ని వాళ్ళు దాంట్లోనే దాస్తారు. ఆ పొద్దున్నే సుగుణ జెల్ వేయించి డెసికేటర్‌లో పోసింది. "చూడు, నెమలి మెడలా ఉంది," అని నాకు చూపించి, ప్రొఫెసర్ గారి బస ఏర్పాటు చూడటానికి వెళ్ళింది.

నేనొక్కణ్ణే మిగిలాను. అసలు కొలత ప్రొఫెసర్ గారి ముందు జరగాలి. అందాకా డెసికేటర్ ముట్టుకోకూడదు. కానీ తను వెళ్ళిపోతుందో లేదో ఒక రోజు ముందే తెలుసుకోవాలనిపించింది. దిమ్మను పొడవాటి కడ్డీకి తగిలించి క్యాన్‌లోకి దించాను. రికార్డర్ కలం మెల్లగా కిందికి జారుతూ వచ్చి, ఎనభై తొమ్మిది కెల్విన్ దగ్గర, అంటే సున్నాకు నూట ఎనభై నాలుగు డిగ్రీల కింద, ఒక్కసారిగా అడుగు గీతకు పడిపోయింది. ఫిల్మ్ బతికే ఉంది. గర్వంగా అనిపించింది. తను వెళ్ళిపోతుందని కూడా అప్పుడే తెలిసింది.

సరిగ్గా ఆ సమయానికి పశువుల ఆసుపత్రి కాంపౌండర్ అప్పన్న గుమ్మంలోకి వచ్చాడు.

"ఏటి మాస్టారూ, క్యాన్ ఇచ్చీండి. తుష్నాబాద్‌లో ఆవు ఎదకొచ్చి పొద్దున్నించీ అరస్తంది."

"రేపటిదాకా మాకే అన్నావు కదా అప్పన్నా?"

"అన్నాను. ఆ ముక్క ఆవుకి చెప్పనేదు కదా! మీ సైన్సు రేపైనా అవుద్ది. ఆవు రేపటికి చల్లబడిపోద్ది. పొద్దున్నే ఇంకో క్యాన్ తెస్తాను, పక్కా. బస్సు ఎల్లిపోద్ది, జల్దీ భయ్యా!"

కడ్డీని అంగుళం అంగుళం పైకి లేపుతూ, క్యాన్ మెడలోని పొడి ఆవిరిలోనే గంటసేపు వేడెక్కనివ్వాలి. నేను ఒక్క లాగు లాగాను. ఆ గాలికి ఇత్తడి దిమ్మ క్షణంలో తెల్లటి మంచు పట్టి, తర్వాత కరిగి నీళ్ళు కారింది. జేబురుమాలుతో తుడిచి, తడిగానే డెసికేటర్‌లో పెట్టి మూత బిగించాను. గ్రాఫ్ మడిచి జేబులో పెట్టుకున్నాను. చెయ్యకూడని కొలత కదా, నోట్‌బుక్‌లో రాయలేదు.

తెల్లవారేసరికి ఆ నీళ్ళన్నీ తాగి జెల్ గులాబీ రంగుకు మారింది. అప్పన్న మాట ప్రకారం క్యాన్ తెచ్చాడు. ప్రొఫెసర్ గారి ముందు రికార్డర్ కలం వాలుతూ వచ్చి సగంలో నిలిచిపోయింది. గీకిన చోట్ల నుంచి నీరు పాకి ఫిల్మ్‌ను తినేసింది.

"డెసికేటర్ ఎవరు చూస్తున్నారు?" అన్నారాయన.

"నేనే సర్. నిన్న పొద్దున్నే జెల్ వేయించి పోశాను," అంది సుగుణ.

"మరి ఈ రంగేమిటి?"

తను నావైపు తిరిగింది. "ప్రసాదూ, నీకు చూపించాను కదా. నీలంగానే ఉంది కదా?"

"నేను గమనించలేదు సర్," అన్నాను. తను అడిగితే ఆయనకు జవాబు చెప్పాను.

ఆ క్షణంలో నా మనసులో ఉన్నది ఒక్కటే. తను ఇక వెళ్ళదు. తప్పు తన మీద పడటంతో, మూడు నెలలకు పిలుపు నా పేరున వచ్చింది. కాదనడానికి కారణం చెప్పాలి, చెప్పడానికి ధైర్యం లేదు. ఓడెక్కాను. రేవుకు తను రాలేదు.

తర్వాత నా చేతుల మీదుగా ఎన్నో ఫిల్మ్‌లు తయారయ్యాయి. మా ల్యాబ్‌లో జెల్ ఆరబెట్టడానికి మంచి ఓవెన్ ఉంది. అయినా నేను మూకుడులోనే వేయించేవాణ్ణి. కుర్రవాళ్ళు నవ్వుకునేవారు.

ఆ పుస్తకం చూశాక, పోయిన నెల జంగ్లీఘాట్ వెళ్ళాను. సుగుణ అక్కడే ఒక స్కూల్లో సైన్సు టీచరు. జుట్టు నెరిసింది. పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. కూర్చోమన్నా కూర్చోకుండా మొత్తం చెప్పి, మడతల్లో చిరిగిన గ్రాఫ్ ఇచ్చాను. తను కళ్ళజోడు సర్దుకుని వేలితో గీత వెంబడి వెళ్ళింది.

"ఎనభై తొమ్మిదా?"

"ఎనభై తొమ్మిది."

"అయితే వార్నిష్ ఆగింది!" ముఖం వెలిగిపోయింది. "ఆరు నెలలు, ఆ వానల్లో! ఆగింది ప్రసాదూ!"

"ఆగింది."

"ఇంతకీ ఆ ఆవు చూడి కట్టిందా?"

"తెలీదు."

"అదైనా కనుక్కోలేదా నువ్వు?" అని నవ్వింది. అదే నవ్వు. తర్వాత ఆగిపోయింది. "ఆ రోజు నేను అడిగింది ప్రొఫెసర్‌ని కాదు. నిన్ను."

తను గ్రాఫ్‌ను పేపర్ల కింద దాచింది. "ఇది నా దగ్గరే ఉంటుంది. నువ్వు బయలుదేరు. బాంబూఫ్లాట్ ఫెర్రీకి వేళవుతోంది."

మా అన్నయ్య ఇల్లు ఇంకా బాంబూఫ్లాట్‌లోనే ఉందని, అక్కడే దిగానని నేను చెప్పలేదు. నేను ఏ ఒడ్డుకు వెళ్ళాలో తనకు గుర్తుంది.

చెయ్యకూడని కొలత చేసినా సరే, ముందు అది నోట్‌బుక్‌లోకి ఎక్కాలి. నా దగ్గర పనిచేసిన ప్రతివాళ్ళకూ ఈ మాట చెప్పాను గాని, ఎందుకో చెప్పలేదు. ఆనాడు నేను రాయాల్సినదాన్ని మొన్న సవరణగా ప్రయోగశాలకు పంపాను. ఇక్కడా రాస్తున్నాను:

మూడో ఫిల్మ్. ఆరు నెలలు సముద్రపు గాలిలో. పూత: సుగుణ. ఎనభై తొమ్మిది కెల్విన్ దగ్గర నిరోధం సున్నా. తర్వాత పాడుచేసింది: ప్రసాద్. కొలతకు ముందు జెల్ రంగు: నీలం.