గోడ దాటిన జెల్లలు

మృగశిర కార్తె నాడు ఖమ్మం చేపల మార్కెట్లో నిలబడితే కరిగిన ఐసు వాసన, తడిసిన గోనెసంచుల వాసన ముక్కుకు తగులుతాయి గానీ, మా ఊరి వాగులో తొలకరి నీటితో వచ్చే ఆ పచ్చి బురద వాసన మాత్రం దొరకదు.

మా ఊరు భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట, గోదావరిలో కలిసే చిన్న వాగు ఒడ్డున ఉంది. నా చిన్నతనంలో, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఇప్పపూలు రాలి, తునికాకు కోత ముగిసి, తొలివాన పడగానే వాగు ఎర్రగా పొంగేది. ఆ ఎర్రనీటికి ఎదురెక్కుతూ గోదావరి నుంచి జెల్లలు, వాలుగలు, వెండి రేకుల్లాంటి పరకలు గుడ్లు పెట్టడానికి పైకి వచ్చేవి. వాగుకు ఎగువన మా మేనత్త ఊరు. మృగశిర నాడు ఆమె చింతచిగురు వేసి వండిన జెల్లల పులుసు సత్తుగిన్నెలో పోసి, మూతకు గుడ్డ కట్టి, నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేది.

ఒక వేసవిలో వాగుకు అడ్డంగా చెక్‌డ్యామ్ కట్టారు. మా నాయినే దానికి మేస్త్రి. బావుల్లో నీళ్లు పెరుగుతాయని ఊరంతా సంబరపడింది, పెరిగాయి కూడా. అయితే ఆ తొలకరికి పైకి వచ్చిన చేపలన్నీ గోడ కింది మడుగులో ఆగిపోయాయి. ఎగిరి గోడకు కొట్టుకుని వెనక్కి పడేవి. కడుపునిండా గుడ్లున్న జెల్లలను మేం బుట్టలకొద్దీ పట్టుకున్నాం. అత్త ఆ ఏడు ఒట్టి చేతులతో వచ్చింది. అమ్మ వడ్డించిన పులుసు వైపు చూసి, నాయినతో అంది:

"మా దిక్కు ఒక్క చేప గూడ రాలే అన్నా. గోడ నువ్వే కట్టినవ్. వాటికి తొవ్వ గూడ నువ్వే సూపియ్యాలె."



మర్నాడు నాయిన చేపలకు దారి సంగతి వర్క్ ఇన్‌స్పెక్టర్‌ను అడిగితే, ప్లానులో లేని పని చేయడానికి వీల్లేదని, గోడను ముట్టుకోవద్దని చెప్పాడట. ముట్టుకోనని మాటిచ్చి, నాయిన గోడకు దిగువన ఒక ఒడ్డు పక్కగా, గోడ అంచుదాకా రాళ్లు ఏటవాలుగా పేర్చాడు. మొదటి వరదకే అవి కొట్టుకుపోయాయి. మేస్త్రికి చేపల పిచ్చి పట్టిందని ఊళ్లో నవ్వుకున్నారు. ఆయన కొన్నాళ్లు వాగు వైపే వెళ్లలేదు.

మరుసటి వేసవిలో అత్త తన ఊరి నుంచి పదిమందిని వెంటబెట్టుకొచ్చింది. వాళ్లను చూసి మా ఊరివాళ్లూ కొందరు దిగారు. ఇద్దరు కలిస్తేగానీ కదలని బండరాళ్లను అడుగున పాతి, వాటి మీద మెట్లుమెట్లుగా, చేప ఆగి అలుపు తీర్చుకునేలా నడుమ చిన్న గుంటలు వదిలి పేర్చారు. సందుల్లో కుక్కడానికి నేను చిన్నరాళ్లు ఏరి అందించాను.

తొలివాన పడిన మర్నాడు పొద్దున్నే అత్త, నాయిన, నేను ఒడ్డున కూర్చున్నాం. చాలాసేపు నురగ తప్ప ఏమీ కనపడలేదు. తర్వాత ఒక జెల్ల మొదటి గుంటలోకి ఎక్కి, మీసాలు ఆడిస్తూ ఆగి, తోక విదిల్చి పై గుంటలోకి దూకింది. దాని వెనక ఇంకొకటి. మొదటిది గోడ దాటి అవతలి నీళ్లలో కలిసిపోగానే నాయిన నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"పోయింది బిడ్డా," అన్నాడు మెల్లగా.

గుడ్లు పెట్టే రోజుల్లో అక్కడ ఎవరూ చేపలు పట్టకూడదని ఆ ఏడే రెండు ఊళ్లూ అనుకున్నాయి.

ఇప్పుడు నాయిన లేడు. చెయ్యంత పొడవుండే వాలుగలు మళ్లీ రాలేదు. మా అమ్మాయి వాటిని చూడనే లేదు. ఇప్పచెట్లూ పలచబడ్డాయి. జెల్లలు, పరకలు మాత్రం ఏటా ఎక్కుతూనే ఉన్నాయి. పోయిన వేసవిలో నేను వెళ్లేసరికి, నాయిన పేరైనా తెలియని పిల్లలు కొందరు ఎండిన వాగులో దిగి, జారిన రాళ్లను సర్దుతూ, ఏ రాయి ఎక్కడ ఉండాలో ఒకరితో ఒకరు వాదించుకుంటున్నారు.