పొగ చూసి మాయ విప్పిన మేనత్త

మా మేనత్త నాచారంలో మందుల ఫ్యాక్టరీలో పనిచేసేది. సీసాలను లైటు ముందు పెట్టి, లోపల నలక ఉందేమో చూడటం ఆమె పని. ఇంట్లోనూ ఏదైనా మూడుసార్లు చూడందే మాట్లాడేది కాదు.

నేను సినిమా కోర్సులో చేరిన ఏడాది, మా సారు పాత ఫ్రెంచ్ జానపద సినిమా ఒకటి ఇచ్చి, అందులోని మాయ ఎలా చేశారో చెప్పమన్నారు. చీకటి కోటలో కొవ్వొత్తులు వాటంతటవే వెలుగుతాయి. కంప్యూటర్లు లేని కాలం. ఏమీ తోచక ఇంటర్నెట్‌లో వెతకబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"కండ్లున్నయ్ గద బిడ్డా. జర మళ్ల పెట్టు."

మూడోసారికి నవ్వింది. "పొగ సూడు. పైకి పోతలేదు, వత్తిలకు దిగుతున్నది. వెలిగేటియి ఆర్పిన్రు, రీలు ఉల్టా తిప్పిన్రు. గంతే."

ఫోన్‌లో మేమూ అలాగే తీశాం. మా కొవ్వొత్తీ దానంతటదే వెలిగింది.

క్లాసులో ఆ వీడియో చూసి సారు, "ఎవరు కనిపెట్టారు?" అన్నారు.

"మా అత్త. ఏడో తరగతి చదివింది," అన్నాను గట్టిగా.

మరుసటి వారం సారు ఆమెను పిలిపించారు. డ్యూటీ దిగి నేరుగా వచ్చి, తెర మీద పొగను వేలితో చూపించింది. క్లాసంతా చప్పట్లు.

"ఇంకోసారి చెప్పండి మేడమ్," అన్నాడొక విద్యార్థి.

మేడమ్ ఎవరా అని అత్త వెనక్కి తిరిగి చూసింది.

"నిన్నే అత్తా," అన్నాను.